ధీరోదాత్త నాయకుడు

సంస్కృతాంధ్ర అలంకారశాస్త్రాలు చెప్పే నాలుగు తరహాల నాయకుల్లో ధీరోదాత్తుడు ఒకడు. తక్కిన ముగ్గురు ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు. పట్టిన వ్రతం విడవకపోవడం, గాంభీర్యం, ఓర్పు, తన గొప్ప తాను చెప్పుకోకపోవడం, ఉన్న అభిమానాన్ని వినయం మాటున దాచుకోవడం ఇతని లక్షణాలు. పరీక్షల గైడుల్లో ఇతన్ని 'ఆడిన మాట తప్పనివాడు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. అది సగమే. లక్షణకర్తలు ఎంచుకున్న ఉదాహరణలనూ, వాటి మీద వ్యాఖ్యాతలు పడిన తగాదాలనూ కలిపి చూస్తే, మాట మీద నిలబడడంతో పాటు ఆ మాట ఎవరికి మేలు చేస్తుందో, ఎవరి మెడకు చుట్టుకుంటుందో తెలిసినవాడినే వారు ధీరోదాత్తుడిగా ఒప్పుకున్నారని తోస్తుంది. ఈ వ్యాసంలో నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని రాచకొండలో పుట్టిన 'రసార్ణవసుధాకరం' చెప్పినదానికి ఎక్కువ చోటు ఇవ్వడమైంది.

విభాగం పూర్వరంగం

నాలుగు తరహాల విభజన భరతుడి నాట్యశాస్త్రంలోనే ఉంది. ఆ గ్రంథ కాలం వివాదగ్రస్తం. క్రీ.పూ. 2వ శతాబ్దానికీ క్రీ.శ. 2వ శతాబ్దానికీ నడుమ అని చెప్పడం వాడుక. భరతుడి పంపకం నేటి పాఠకుడికి వింతగానే ఉంటుంది. దేవతలు ఉద్ధతులు, రాజులు లలితులు, సేనాపతులూ అమాత్యులూ ఉదాత్తులు, బ్రాహ్మణులూ వర్తకులూ ప్రశాంతులు. అంటే మొదట్లో ఈ గుణం సింహాసనం మీద కూర్చున్నవాడిది కాదు. ఒకరి కొలువులో ఉంటూ బాధ్యత మోసేవాడిది.

పదో శతాబ్దంలో ధారానగరంలో ముంజుడి ఆస్థానంలో ధనంజయుడు 'దశరూపకం' రాసేనాటికి ఆ ఉద్యోగపు లెక్క సడలి, స్వభావపు లెక్క ముందుకు వచ్చింది. 14వ శతాబ్దపు విశ్వనాథుడు 'సాహిత్యదర్పణం'లో రాముణ్ణీ ధర్మరాజునూ ధీరోదాత్తులుగా, భీమసేనుణ్ణి ధీరోద్ధతుడిగా, వత్సరాజును ధీరలలితుడిగా, 'మాలతీమాధవం'లోని మాధవుణ్ణి ధీరశాంతుడిగా చూపాడు. తరువాతి పాఠ్యగ్రంథాలు చాలావరకు ఈ జాబితానే నకలు చేసుకున్నాయి.

తెలుగుదేశానికి ఈ చర్చ ముఖ్యంగా ఓరుగల్లు మీదుగా వచ్చింది. కాకతీయ ప్రతాపరుద్రుడి (పాలన 1289–1323) ఆస్థానంలోని విద్యానాథుడు 'ప్రతాపరుద్రీయం'లో మహాకులీనత, ఔజ్జ్వల్యం, మహాభాగ్యం, ఉదారత, తేజస్విత, విదగ్ధత, ధార్మికత మొదలైనవాటిని నాయక గుణాలుగా లెక్కించాడు. ఉదాహరణ పద్యాలన్నిటిలోనూ నాయకుడు తన ప్రభువే. తన గొప్ప తాను చెప్పుకోకూడదన్న నియమానికి ఇది ఇబ్బంది లేని ఏర్పాటు. నాయకుడు నోరు మెదపడు, కవి ఆ పని చూసుకుంటాడు. 16వ శతాబ్దంలో భట్టుమూర్తి 'నరసభూపాలీయం'లో ఈ పద్ధతినే తెలుగులోకి తెచ్చాడు.

రాచకొండ: రసార్ణవసుధాకరం

కాకతీయ రాజ్యం కూలిన తరువాత రేచర్ల వెలమ నాయకులు ఆమనగల్లు నుంచి బలపడి రాచకొండను రాజధాని చేసుకున్నారు. రెండో శాఖ దేవరకొండలో నిలిచింది. రాచకొండ కోట నేటి సంస్థాన్ నారాయణపురం మండలంలో ఉంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా అది నల్లగొండ జిల్లాలో భాగం. అనపోతానాయకుడి కుమారుడు సింగభూపాలుడు, సర్వజ్ఞ బిరుదాంకితుడు, ఇక్కడి నుంచి ఏలుతూ 'రసార్ణవసుధాకరం' రచించాడని ప్రసిద్ధి. గ్రంథం రంజకోల్లాసం, రసికోల్లాసం, భావోల్లాసం అని మూడు విలాసాలు. నాయక విచారణ మొదటిదానిలో వస్తుంది.

కాలం విషయంలో ఏకాభిప్రాయం లేదు. సింగభూపాలుడు 1384 ప్రాంతంలో గద్దెనెక్కి 1399 దాకా పాలించాడన్నది నేడు ఎక్కువమంది అంగీకరించే లెక్క. పూర్వ పరిశోధకుల్లో కొందరు ఇతన్ని వెంకటగిరి వంశపు సింగమనాయుడిగా పోల్చి 1330 దగ్గర నిలిపారు. దేవగిరి యాదవ సింఘణుడే ఇతడన్న ఊహ కూడా ఒకటి ఉంది. గ్రంథారంభంలో ఉన్న రేచర్ల వంశవర్ణన రాచకొండ రాజుల వరుసతో సరిపోతున్నందువల్ల ఈ రెండూ నిలవవు. ఈ వంశంలో సింగ నామధేయులు ఒకరికి మించి ఉండడం, సర్వజ్ఞ బిరుదు పోతన కాలంలో చెప్పే మరో సింగభూపాలుడికీ అంటుకోవడం గందరగోళానికి కారణం.

కర్తృత్వం మీద కూడా అనుమానం ఉంది. ఇదే ఆస్థానంలోని విశ్వేశ్వర కవి 'చమత్కారచంద్రిక' రాసి, ఉదాహరణ పద్యాల్లో సింగభూపాలుణ్ణే కీర్తించాడు. కనుక 'రసార్ణవసుధాకరం' కూడా ఆయనే రాసి ప్రభువు పేరు పెట్టాడని కొందరి వాదం. ఆత్మశ్లాఘకు పెడమొగం పెట్టాలని నాయకుడికి నియమం చెప్పిన గ్రంథం తన కర్త వంశాన్నీ వైభవాన్నీ అంత విస్తారంగా పొగుడుతూ మొదలవడం ఆ వాదానికి కొంత ఊతమిస్తుంది. అయినా వంశస్తుతితో గ్రంథం మొదలుపెట్టడం ఆ కాలపు మర్యాద. దాన్నొక్కదాన్నీ పట్టుకుని రాజు చేతిలోని గంటం లాక్కోవడం తొందరపాటే అవుతుంది. సంగీతరత్నాకరానికి వ్యాఖ్య, 'కువలయావళి' నాటిక కూడా ఇతని పేరనే ఉన్నాయి. నాటికకు నాయకుడు ధీరలలితుడై ఉండాలని శాస్త్రం. ధీరోదాత్తుడికి అంత శ్రద్ధగా లక్షణం చెప్పిన రాజు తాను రూపకం రాయబూనినప్పుడు ఆ తరహాను పక్కన పెట్టాడన్నమాట.

లక్షణానికి వస్తే, ధనంజయుడు మహాసత్త్వంతో మొదలుపెట్టి గాంభీర్యం, క్షమ మీదుగా దృఢవ్రతంతో ముగించాడు. సింగభూపాలుడు గుణాలను దాదాపు అవే ఉంచి వరుస మార్చాడు. ముందు దయ, తరువాత గాంభీర్యం, వినయం, సత్త్వసారం, ఆ పైన దృఢవ్రతం, ఓర్పు, ఆత్మశ్లాఘ లేకపోవడం, చివర నిగూఢమైన అహంకారం. ఛందస్సు కోసం మాటలు అటూ ఇటూ కావడం మామూలే కాబట్టి వరుసకు మరీ బరువు పెట్టనక్కరలేదు. కానీ సాధారణ నాయక గుణాల పట్టిక చూస్తే ఇది కేవలం ఛందస్సు పని అనిపించదు. విద్యానాథుడి చిన్న జాబితాకు ఇతను స్థైర్యం, దక్షత, వాగ్మిత, కృతజ్ఞత, నయజ్ఞత, శుచిత, ప్రజారంజకత వంటివి చేర్చాడు. నయజ్ఞత అంటే సామాది ఉపాయాల్లో ఏది ఎక్కడ వాడాలో తెలియడం. ధార్మికత, నయజ్ఞత ఒకే పట్టికలో చేరాక వ్రతం ఒక్కటే నాయకుణ్ణి నిలబెట్టదు. చుట్టూ బహమనీలతో, రెడ్లతో, పొరుగు నాయకులతో తెగని పోరు నడిపిన చిన్న రాజ్యపు ప్రభువు ఈ గుణాన్ని విడిగా లెక్కపెట్టడంలో ఆశ్చర్యమేమీ లేదు.

గ్రంథం 1916లో తిరువనంతపురం సంస్కృత గ్రంథావళిలో గణపతిశాస్త్రి పరిష్కరణతో వెలువడింది. టి. వెంకటాచార్య పరిష్కరించిన ప్రతిని 1979లో అడయారు గ్రంథాలయం ప్రచురించింది. పాఠభేదాలకు రెండోదే మేలు.

వివాదాస్పద నాయకులు

ఈ తరహా హద్దులు తేలింది నిర్వచనాల్లో కాదు, తగాదాల్లో. అన్నిటికన్నా పేరుపడింది 'నాగానందం' నాయకుడు జీమూతవాహనుడి విషయం. పాముకు బదులు తన శరీరాన్ని గరుత్మంతుడికి అప్పగించినవాడు, రాజ్యం మీద ఆశ లేనివాడు. ఇతను ధీరశాంతుడు కావాలి గదా, ఉదాత్తుడికి ఉండవలసిన గెలుపు కోరిక ఇతనిలో ఏదీ అని పూర్వపక్షం. దశరూపక వ్యాఖ్యాత ధనికుడు దీనికి ఇచ్చిన జవాబు గట్టిది. దానంలోనో దయలోనో శౌర్యంలోనో అందరినీ మించిపోవడమూ గెలుపే. పరులకు కీడు చేసి సొమ్ము చేజిక్కించుకోవడమే గెలుపు అనుకుంటే దారి దోపిడీగాళ్లు కూడా ధీరోదాత్తులవుతారు. పైగా మలయవతి మీద ప్రేమ ఉన్నవాణ్ణి విరాగి అనడం కుదరదు. ధనికుడి పక్షమే బలంగా ఉంది.

రెండోది వాలి వధ. చాటు నుంచి చంపడం ఉదాత్తుడికి తగదు. మూలకథలో ఉన్నదాన్ని దాచడమా, సమర్థించడమా? నాయకుడికి తగనిదాన్ని వదిలేయాలి, లేదా మార్చి కల్పించాలి అని దశరూపకం తీర్పు. మాయురాజు 'ఉదాత్తరాఘవం'లో ఆ ఘట్టాన్నే విడిచిపెట్టాడు. భవభూతి 'మహావీరచరితం'లో వాలి రావణుడి స్నేహం కొద్దీ తానే రాముడి మీదికి వస్తాడు, ఎదురుగా పోరాడి చస్తాడు. నాటకకర్తలు రాముడి మచ్చ తుడిచారే గాని, ఆ పరిస్థితిలో రాముడు ఏం ఆలోచించి ఉంటాడన్న ప్రశ్న జోలికి పోలేదు. ఆ ప్రశ్నను రామాయణమే వాలి నోట సూటిగా అడిగించింది.

పరశురాముడి విషయం చిన్నది. ఇతను రావణుడి పట్ల ఉదాత్తంగా, రాముడి పట్ల ఉద్ధతంగా, చివరకు శాంతంగా కనబడతాడు. అంగనాయకుడికి తరహా మారవచ్చు, ప్రధాన నాయకుడికి మారకూడదని ధనికుడు సరిపెట్టాడు.

వ్రతమూ వివేకమూ

వ్రతం, వివేకం ఎదురుపడే ఘట్టాలకు అలంకారికులకన్నా ఇతిహాసమే మంచి ఆకరం. కర్ణపర్వంలో గాయపడి శిబిరానికి చేరిన ధర్మరాజు, కర్ణుడింకా చావలేదని తెలిసి, గాండీవం మరొకరికి ఇచ్చేయమని అర్జునుణ్ణి ఎత్తిపొడుస్తాడు. ఆ మాట అన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి రహస్య వ్రతం. కత్తి దూస్తాడు. కృష్ణుడు అడ్డుపడి, పారిపోయి దాగినవారి జాడ దొంగలకు 'సత్యం' కొద్దీ చెప్పి నరకానికి పోయిన కౌశికుడి కథ వినిపిస్తాడు. పెద్దవాణ్ణి అమర్యాదగా పలకరిస్తే చంపినట్టేనని ఉపాయం చెబుతాడు. అన్నను దూషించిన పశ్చాత్తాపంతో అర్జునుడు తన తల తెగవేసుకోబోతే, తనను తాను పొగుడుకోవడమే ఆత్మహత్య అని ఇంకో ఉపాయం. ధీరోదాత్తుడి లక్షణాల్లో ఆత్మశ్లాఘా నిషేధం ఎందుకంత ఖచ్చితంగా ఉందో ఈ ఘట్టం చదివితే తెలుస్తుంది. లక్షణగ్రంథాలు మాత్రం దీన్ని ఎందుకో ఉదాహరించలేదు.

రాచకొండ, దేవరకొండ ప్రాంతం నుంచే దీనికి ఎదురుకొస కూడా వచ్చింది. 15వ శతాబ్దపు పూర్వార్ధానికి చెందినవాడని భావించే గౌరన ద్విపదలో 'హరిశ్చంద్రోపాఖ్యానం' రాశాడు. ఇతని పెదతండ్రి పోతరాజు రేచర్ల మాధవనాయకుడి మంత్రి అని చెబుతారు. హరిశ్చంద్రుడు దృఢవ్రతానికి పరాకాష్ఠ, నయజ్ఞత మాత్రం సున్న. వ్రతం ఖర్చు చాలావరకు చంద్రమతీ లోహితాస్యులే భరిస్తారు. సింగభూపాలుడి పట్టికతో కొలిస్తే ఇతనికి పూర్తి మార్కులు రావు. జనంలో మాత్రం సత్యానికి మారుపేరుగా నిలిచింది ఇతనే.

పాశ్చాత్య పోలికలు

కల్పిత పాత్రలను నైతిక స్వభావాన్ని బట్టి గళ్లలో వేసే ఆధునిక పద్ధతి 1974లో వచ్చిన 'డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్' ఆటతో వ్యాపించింది. మొదట నియమం, తటస్థం, అరాచకం అని మూడే. 1978 నాటికి మంచిచెడ్డలను అడ్డంగా కలిపి తొమ్మిదయ్యాయి. పల్లాడియం సంస్థ ఆటల్లో మంచివారే రెండు రకాలు. 'ప్రిన్సిపుల్డ్' వాడు సాధారణంగా చట్టం దాటడు, 'స్క్రూపులస్' వాడు మేలు కోసం అవసరమైతే దాటుతాడు. ధీరోదాత్తుడు ఈ రెంటి నడుమ పడతాడు. ఒక తేడా మాత్రం గట్టిది. ఆటలో కులంతో పని లేదు, మన శాస్త్రంలో కులీనత కావాలి.

సర్వాయి పాపన్న

ఆ కులీనత నియమానికి భువనగిరిలోనే చిక్కు ఎదురవుతుంది. గీత వృత్తి కుటుంబానికి చెందిన ఖిలాషాపురం పాపన్న 1708లో వరంగల్లునూ మరుసటి ఏడు భువనగిరినీ కొట్టాడు. కల్యాణి చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతో ముడిపడిన ఆ ఏకశిలా దుర్గం అప్పటికి మొగలుల చేతిలో ఉంది. 1710లో పాపన్న పట్టుబడి చంపబడ్డాడు. చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ దృష్టిలో ఇతను తోబుట్టువు సొత్తు దోచి పని మొదలుపెట్టిన దొంగ, ధనికుడు చెప్పిన దారి దోపిడీగాడే. జానపద గాథలో మాత్రం కులవృత్తి చేసుకు బతకమన్న తల్లి మాట కాదని కోటల మీదికి లేచిన వీరుడు.

ఖాఫీ ఖాన్ మొగలు కొలువు పక్షం, గాయకులు జనం పక్షం. ఏ ఒక్కదాన్నీ పూర్తిగా నమ్మనక్కరలేదు. దాడులు, వాటి కాలం, మరణం గురించి ఖాఫీ ఖాన్ కథనం మీద ఆధారపడక తప్పదు. పాత్ర స్వభావం విషయంలో అతని సాక్ష్యం అంత పనికిరాదు. అయితే గాథలోని పాపన్నను కూడా ధీరోదాత్తుడు అనడం కష్టం. వినయం లేదు, అహంకారం నిగూఢం కాదు, తన ఆశయం గొంతెత్తి చాటుకుంటాడు. శాస్త్రం ప్రకారం ఉద్ధతుడికే దగ్గర. ఇటీవలి నాటకాలూ పాటలూ ఇతనికి దయనూ ప్రజారంజకతనూ చేర్చి ఉదాత్తుడి వైపు జరుపుతున్నాయి. ఈ గాథ ఒక రూపాన్ని జె. ఎ. బాయిల్ 1874లో ఇండియన్ యాంటిక్వరీలో ప్రచురించాడు. మొగలు ఆకరాలనూ గాథనూ పక్కపక్కన పెట్టి జె. ఎఫ్. రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు 1980లో రాసిన వ్యాసం ఈ విషయంలో ఇప్పటికీ మొదట చూడవలసినది.