పదో వంతు, పిడికెడు బియ్యం

చర్చి ఉన్న మన గూడేల్లో దశమ భాగం అనే మాట తెలియనివారు లేరు. సంపాదనలో పదో వంతు దేవునికి ఇవ్వాలని చెబుతారు. పోడులో పండిన జొన్నల నుంచి, కూలి డబ్బుల నుంచి, కొత్తగా ఉద్యోగం వచ్చిన పిల్లల జీతం నుంచి ఆ వంతు తీస్తున్నాం. ఇవ్వలేని ఇంటివాళ్లు తల వంచుకుని వెనక వరసలో కూర్చోవడమూ చూస్తున్నాం. కాబట్టి ఈ ఆచారం ఎక్కడ పుట్టి ఎలా మారిందో మన యువతరం తెలుసుకోవాలి.

పాత నిబంధన కాలపు ఇశ్రాయేలీయులు సేద్యం చేసేవారు, పశువులు కాచేవారు. వాళ్లు ధాన్యంలో, నూనెలో, మందలో పదో వంతు తీసిపెట్టేవారు. అది లేవీయులకు చెందేది. గుడి సేవ చేసే ఆ గోత్రానికి మిగతా గోత్రాల్లా భూమి వాటా లేదు. ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయంలో ఇంకో ఏర్పాటు ఉంది. ప్రతి మూడో ఏట ఆ పదో వంతును ఊళ్లోనే నిలవ చేసి లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేని పిల్లలకు, విధవరాండ్రకు కడుపు నిండా పెట్టాలి.

కొత్త నిబంధనలో రెండు కాసులు వేసిన బీద విధవరాలిని యేసు మెచ్చుకున్నాడు. మార్కు సువార్తలో దానికి ముందు మాటే, విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రులను గద్దించడం. ఈ రెండూ కలిపి చదవాలి. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో పౌలు, ఎవరి మనసుకు తోచినంత వారు ఇష్టంగా ఇవ్వాలన్నాడు. బలవంతం వద్దన్నాడు. అక్కడ పదో వంతు అన్న లెక్క పెట్టలేదు.

యూరప్‌లో ఇదే కానుక పన్నుగా మారింది. 779లో షార్లెమేన్ రాజు దశమ భాగాన్ని అందరికీ తప్పనిసరి చేశాడు. ఐర్లండ్‌లో కాథలిక్ రైతులు తమది కాని చర్చికి దాన్ని కట్టవలసి వచ్చింది. 1831లో వాళ్లు ఎదురు తిరిగారు. ఫ్రాన్స్‌లో 1789 విప్లవం దాన్ని రద్దు చేసింది. అడవిలో పశువులు మేపినందుకు పుల్లరి కట్టిన మన పెద్దలకు ఆ రైతుల బాధ విడమరచి చెప్పనక్కర్లేదు.

మన దేశపు ఆదివాసులు మాత్రం ఇవ్వడానికి వేరే దారి చూపారు. నేటి మిజోరాంను అప్పట్లో లుషాయి కొండలనేవారు. 1894లో అక్కడికి మిషనరీలు వచ్చారు. 1910లో మిజో క్రైస్తవ స్త్రీలు 'బుహ్‌ఫాయ్ థామ్' మొదలుపెట్టారు. అంటే పిడికెడు బియ్యం. అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. స్త్రీలే ఇంటింటికీ వెళ్లి పోగు చేస్తారు. అమ్మగా వచ్చిన డబ్బు సంఘం పనులకు వాడతారు. మొదలైన మరుసటి ఏడే వెదురు పూసి, ఎలుకలు పెరిగి, పంటలు తినేసి మౌతామ్ కరువు వచ్చింది. అయినా ఆ అలవాటు పోలేదు, నేటికీ సాగుతోంది. చేతిలో రూపాయి ఆడని ఇల్లాలికి కూడా అందులో వాటా ఉంది. ఎంత బియ్యం వండితే ఎంత పిడికెడన్నది ఆమె చేతిలోనే ఉంది.

మన తెలుగు నేలతోనూ ఈ చరిత్రకు బంధం ఉంది. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు విదేశీ డబ్బు మీద ఆధారపడకుండా, సొంత చందాలతో ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు. అది పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. అక్కడికి వచ్చిన వి.ఎస్. అజరయ్య 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయ్యారు. క్రైస్తవులు ఇవ్వడం గురించి ఆయన ఒక పుస్తకమే రాశారు. బయటి సొమ్ముతో నడిచే సంఘంలో పెత్తనం బయటివాళ్లదే అవుతుంది. సొంత పిడికెడుతో నడిచేచోట అడిగే హక్కు మనది.

ఆ హక్కును వాడుకోవాలి. ఇచ్చింది ఎంత, ఎవరికి చేరింది, లెక్క ఎవరు రాస్తున్నారు, అందులో ఊళ్లోని విధవరాలికి, తల్లిదండ్రులు లేని పిల్లలకు ఏం దక్కింది అని సంఘంలో అడగడం భక్తికి విరుద్ధం కాదు. ద్వితీయోపదేశకాండం పెట్టిన లెక్క అదే. ఉపాధ్యాయులు పిల్లలచేత ఒక పని చేయించవచ్చు. కొత్తల పండుగనాడు, చావునాడు, కరువునాడు ఎవరింటి నుంచి ఎవరింటికి గింజలు వెళ్లేవో గూడెం పెద్దలను అడిగి రాయించండి. చర్చికి వెళ్లే ఇళ్లలోనూ, వెళ్లని ఇళ్లలోనూ అడగమనండి.