పొడి అదే, బట్టీ మారింది

చేతిలోంచి జారితే స్టీలు గిన్నె సొట్టపడుతుంది, పింగాణీ కప్పు ముక్కలవుతుంది. ఎందుకు? పగులు మొదలైన చోట లోహం కొంచెం సాగి ఆ ఒత్తిడిని తట్టుకుంటుంది. సిరామిక్ సాగదు. అందుకే పగులు ఆగదు.

1975లో ఆస్ట్రేలియాలో గార్వీ, హానింక్, పాస్కో అనే ముగ్గురు 'నేచర్' పత్రికలో ఒక పేపర్ వేశారు. పేరు 'సిరామిక్ స్టీల్?'. విషయం జిర్కోనియా. కాల్చి చల్లార్చేటప్పుడు దాని స్ఫటికాల రూపం మారి సుమారు 4 శాతం ఉబ్బుతుంది. అందుకే స్వచ్ఛమైన జిర్కోనియాతో ఏం చేసినా చల్లారేలోపే పగిలిపోయేది. తగినంత వేరే ఆక్సైడ్ కలిపితే ఆ మార్పు జరక్కుండా కాచుకుని ఉంటుంది. పగులు దగ్గరికి రాగానే అక్కడి రేణువులు ఉబ్బి దాన్ని నొక్కేస్తాయి. పగలగొట్టే గుణమే కాపలా కాసిందన్నమాట!

1980లలో ఈ జిర్కోనియా తుంటి మార్పిడి ఆపరేషన్లలోకి వచ్చింది. తొడ ఎముక పైన పెట్టే బంతి దీంతోనే చేశారు. ఒక చిక్కుంది. తేమ తగిలితే పైన ఉన్న రేణువులు పగులు లేకపోయినా మెల్లగా మారిపోతాయి. మన ఒంట్లో తేమకి కొదవేముంది?

1998లో ఫ్రాన్స్‌లో సెయింట్ గోబెన్ సంస్థ ఈ బంతులు కాల్చే పద్ధతి మార్చింది. విడతలవారీగా కాల్చే బట్టీ బదులు, సరుకు వరసగా కదులుతూ కాలే టన్నెల్ బట్టీ పెట్టింది. పొడి అదే, ఫార్ములా అదే. అయినా కొన్ని బ్యాచ్‌ల బంతులు మనుషుల ఒంట్లోనే పగిలాయి. 2001 ఆగస్టులో సరుకు వెనక్కి రప్పించారు. కానీ అప్పటికే తుంటిలో ఉన్నదాన్ని తియ్యాలంటే? మళ్లీ కోతే.

ఇప్పుడు బాగా వాడే సిరామిక్ బంతి మిశ్రమం. 80 శాతం పైగా అల్యూమినా, దాని మధ్య 17 శాతం దాకా జిర్కోనియా. చుట్టూ గట్టి అల్యూమినా పట్టుకుని ఉంటుంది కాబట్టి జిర్కోనియా తొందరపడి మారదు. పగులు వస్తే మాత్రం తన పని చేస్తుంది. తేమ బెడద పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గింది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది తెలిసిన కథే. కోడ్‌లో ఒక్క లైను మారకపోయినా, సర్వర్ మారిస్తే ప్రోగ్రాం పడిపోతుంది. మేం రీస్టార్ట్ చేస్తాం. తుంటికి ఆ బటన్ లేదు. అందుకే, ఏ సిరామిక్ గురించైనా 'ఇంత బలం' అని ఎవరైనా అంకె చెప్తే, ఎలా కాల్చారని కూడా అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.