తాతగారి కంచంలో చెయ్యి

మంట దగ్గరికి మరీ జరక్కు అమ్మడూ, గాలి ఇటు తిరిగింది, పొగంతా పిల్ల మొహానికే కొడుతోంది. ఆ అరుగు మీదకి వెళ్ళి కూర్చో. నా మాట అక్కడికీ వినపడుతుందిలే. అంగన్‌వాడీలో అంతమంది పిల్లల గోల మీద అరిచి అరిచి పెరిగిన గొంతు ఇది.

పొద్దున్నుంచీ చూస్తున్నాను. గిన్నె, చెంచా కనపడితే చాలు పిల్ల మొహం పక్కకి తిప్పేస్తోంది. నువ్వు ఫోనులో కోడి బొమ్మ ఆడిస్తే అది నోరు తెరుస్తోంది, తెరవగానే నువ్వు చెంచా దూర్చేస్తున్నావు, అది నాలుకతో బయటికి తోసేస్తోంది. "దీనికి తిండంటే ఇష్టం లేదమ్మమ్మా" అని కళ్ళనీళ్ళు ఒకటి. ఏడో నెల పిల్లకి తిండంటే ఏమిటో తెలిస్తే కదే, ఇష్టమో కాదో చెప్పడానికి! దానికి గిట్టనిది మీదకి వస్తున్న నీ చెయ్యి.

మా కాలంలో పిల్లలు ఇలా పేచీలు పెట్టేవాళ్ళు కారని మీ అత్తగారు అన్నదన్నావు. ఎందుకు పెట్టేవాళ్ళు కారు? మా అత్తగారు ఉగ్గు పోయడం చూసుంటే తెలిసేది నీకు. కాళ్ళు బారచాపుకుని కూర్చుని, పిల్లాణ్ణి వాటిమీద వెల్లకిలా పడుకోబెట్టుకునేది. ఎడమచేత్తో బుగ్గలు నొక్కితే నోరు తెరుచుకునేది. ముక్కున్న వెండి ఉగ్గుగిన్నెతో ఇక సరాసరి గొంతులోకే. వాడు ఏడుస్తుంటే మరీ మంచిది, గొంతు బాగా తెరుచుకుంటుందని ఆవిడ లెక్క. పొలమారితే మాడు మీద రెండు తట్టి మళ్ళీ మొదలు. మీ పెద్ద మామయ్య ఉగ్గుగిన్నె చప్పుడు వింటేనే కర్రలా బిగుసుకుపోయేవాడు. అలా పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుందని తర్వాతెప్పుడో ట్రైనింగులో చెప్పినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. వాడు గట్టిపిండం, బతికి బట్టకట్టాడు.

అన్నప్రాశన మాత్రం ఘనంగా చేశాం. మగపిల్లలకి సరి నెల, ఆడపిల్లలకి బేసి నెల కదా. వాడికి ఆరో నెల, మీ అమ్మకి ఐదో నెల. ఐదో నెల అంటే ఇప్పటి డాక్టర్లు ఒప్పుకోరు, ఆరు నెలలూ నిండాలంటారు, అదే సరైనది. మా అన్నయ్య వచ్చి మేనల్లుణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఉంగరానికి పరమాన్నం అద్ది నాలుక మీద రాశాడు. తర్వాత పుస్తకం, కలం, కత్తి, డబ్బులు, పూలు వరసగా పేర్చి వాణ్ణి వదిలారు, ఏది పట్టుకుంటే ఆ విద్య అబ్బుతుందని. వాడు వాటి మొహం కూడా చూడకుండా పాక్కుంటూ పోయి పరమాన్నం గిన్నె బోర్లించాడు. అందరూ నవ్వి, గిన్నె తీసేసి, పుస్తకం దగ్గరికి జరిపారు. తిండి తినని పిల్లాడని పేరు పడ్డది వీడికే మరి!

ఆ పూట గడిచాక మళ్ళీ అన్నం ఊసు ఉండేది కాదు. చాలా ఇళ్ళలో ఏడాది దాటేవరకూ పాలే, మధ్యలో కాస్త గంజి, కాస్త పప్పుకట్టు. అరగదని భయం. ఆ భయంతో ఎంతమంది ఎండిపోయారో నేను అంగన్‌వాడీలో చేరాకే తెలిసింది. పుట్టేటప్పుడు తల్లి దగ్గర తెచ్చుకున్న ఇనుము ఆరో నెలకి అడుగంటుతుంది, పాలలో ఉండేది చాలదు. గంజినీళ్ళతో పొట్ట నిండుతుందే గాని ఒంటికి పట్టేదేముంది? చంకపిల్ల ఉండగానే మళ్ళీ కాన్పు వస్తే పెద్దదానికి పాలు మాన్పించేవాళ్ళు, దాని గతి ఇక గంజే. కాళ్ళు వాచి, మొహం ఉబ్బి, జుట్టు రాగిరంగుకి తిరిగేది. ఆ వాపు చూసి "పిల్ల ఒళ్ళు చేసింది" అనేవాళ్ళు కొందరు! దిష్టి తీసేవాళ్ళు, అందులో నష్టమేం లేదు. కొందరైతే పొట్టమీద చురకలు పెట్టించేవాళ్ళు. ఆ మచ్చలున్న పిల్లల్ని ఎత్తుకున్నాను నేను.

ఐసీడీఎస్ అని 1975 అక్టోబరు 2న మొదలుపెట్టారు, మన ఊరికి అంగన్‌వాడీ రావడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది చూడూ, మొదట కూనూరులో 1918లో పెట్టారట, 1958లో హైదరాబాదు తరలించారు. అలా చిక్కిపోయిన పిల్లల కోసం వాళ్ళే ఒక పిండి కనిపెట్టారు, హైదరాబాద్ మిక్స్ అని. గోధుమలు 40 గ్రాములు, శనగలు 16, వేరుశనగ గుళ్ళు 10, అన్నీ వేయించి పొడికొట్టి బెల్లం 20 గ్రాములు కలపడం. ఆ గుప్పెడు పిండిలో 330 కేలరీలు, 11 గ్రాముల పైచిలుకు మాంసకృత్తులు. ఏ పల్లెటూరి ఇంట్లో దొరకవు ఇవి? కళ్ళెదురుగా పెట్టుకుని పిల్లలకి గంజి పోశాం. నీ పిల్లకి అది అక్కర్లేదులే, అది బొద్దుగానే ఉంది. ఏడాది నిండేదాకా బెల్లం, పంచదార, ఉప్పు జోలికి పోకు.

ఇంతకీ మీ పెద్ద మామయ్య అన్నం ఎలా మరిగాడో చెప్పాలి కదూ. మధ్యాహ్నం మా మామగారు పీటేసుకుని కంచం ముందు కూర్చున్నారంటే పిల్లాణ్ణి తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పడేసేదాన్ని. వడ్డించడానికి నాకు చెయ్యి ఖాళీ కావాలి, అంతకుమించి ఏ ఉపాయమూ లేదు. ఆయన ముద్దపప్పూ అన్నం కలుపుతుంటే వీడు కంచంలో చెయ్యి పెట్టేసేవాడు. ఉప్పూ పచ్చడీ కలపని మూల ఇంత అన్నం వెన్నలా మెదిపి, వేలికొసన తీసుకుని పెదవికి రాసేవారు. నోట్లో పెట్టేవారు కాదు. రాసి, తన మానాన తను తినేవారు. వాడు నాక్కునేవాడు, సగం ఉమ్మేసేవాడు, మళ్ళీ తలెత్తి ఆయన నోరు చూసేవాడు. ఆయన దవడ ఆడుతుంటే వీడి బోసినోరూ ఆడేది. ఎంత తిన్నాడని ఆయన ఎప్పుడూ అడగలేదు. మా అత్తగారు అవతల ఉగ్గుతో కుస్తీ పడుతూనే ఉంది, వీడు ఇవతల తాత కంచంలో బొజ్జ నింపుకుంటున్నాడు. కొన్నాళ్ళకి ఉగ్గుగిన్నె అటకెక్కింది. అంతా తన చేతి చలవేనని ఊరంతా చెప్పుకుంది ఆవిడ!

అంగన్‌వాడీలోనూ అదే చూశాను. తల్లి చేత్తో పెడితే మూతి బిగించే పిల్ల, పంక్తిలో పక్కవాడు తింటుంటే వాడి పళ్ళెంలో చెయ్యి పెట్టేది. నువ్వేం చేస్తున్నావు? దాన్నొక్కదాన్నే ఎత్తు కుర్చీలో బిగించి, ఎదురుగా కూర్చుని, దాని నోరే చూస్తున్నావు. నువ్వు తినేది అది నిద్రపోయాక. ఇంక అది ఎవర్ని చూసి నేర్చుకోవాలి?

చందమామను చూపించి పెట్టేవాళ్ళం కదా, ఫోను పెడితే తప్పేమిటంటావు. చందమామ పరుగులెత్తే రెండేళ్ళవాళ్ళకే. నెలల పిల్లకి ఏ చందమామా వద్దు, ఏ కోడిబొమ్మా వద్దు, ఏం తింటోందో అది చూడాలి. నాలుకతో తోసేయడం పొగరు కాదు, ఇన్నాళ్ళూ పాలు చీకిన నాలుకకి వచ్చిన విద్య అదొక్కటే. కొత్త కోడలు అత్తారింట మొదటి రోజే అడిగి వడ్డించుకుంటుందా? ఒక రుచి ఎనిమిది పదిసార్లు తగిలాక గాని కొందరు పిల్లలు ఒప్పుకోరు. ఇవాళ ఉమ్మేసిన గుమ్మడికాయ నాలుగు రోజులాగి మళ్ళీ పెట్టు.

పాలు తాగిన వెంటనే కూర్చోబెట్టకు, అలాగని ఆకలితో గుక్కపట్టాకా వద్దు. మొదట్లో రెండు మూడు చెంచాలు లోపలికి పోతే చాలు, పాలు ఎలాగూ ఇస్తున్నావు. పల్చగా వద్దు, చెంచా వంచితే కారిపోకుండా ఉండాలి. ముక్కు దిబ్బడేసిన రోజునా, పళ్ళొచ్చే రోజునా తినకపోతే ఆ పూటకి వదిలెయ్యి. ఓకరింపు వచ్చిందని హడలిపోకు, దగ్గుతూ, శబ్దం చేస్తూ ఉంటే అదే సర్దుకుంటుంది. మాట లేకుండా, ఊపిరాడక నీలంగా మారితే అప్పుడు భయపడాలి. అందుకే పల్లీలు, శనగలు, కొబ్బరిముక్క, కోయని ద్రాక్ష దాని చేతికి అందనివ్వకు. తేనె కూడా ఏడాది నిండేదాకా నాలుకకి తగలనివ్వకు, వసకొమ్ము అరగదీసి తేనెతో నాకించమని ఎవరు చెప్పినా సరే.

డబ్బా పిండి కొన్నావా? అయితే అవనీ, ప్రయాణాలకి పనికొస్తుంది. ఒకప్పుడు ఆ డబ్బాల మీద బొద్దు పాప బొమ్మ ఉండేది, అది చూసే సగంమంది కొనేవాళ్ళు. 1992 చట్టం వచ్చాక ఆ బొమ్మలు వేయకూడదన్నారు. ఇంట్లో చేసుకోవడం ఎంతసేపు? మూడు గిద్దల బియ్యానికి గిద్దెడు పెసరపప్పు, కడిగి ఆరబెట్టి, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, రవ్వగా పట్టు. మెత్తగా ఉడికించి నెయ్యి వెయ్యి. రాగులైతే నానబోసి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, వేయించి విసురుకునేవాళ్ళం. మొలకల పిండి జావ తొందరగా గట్టిపడదు, అందుకని ఎక్కువ పిండి పడుతుంది, ఆ చిన్న పొట్టకి ఎక్కువ బలం వెళుతుంది. మా పెద్దవాళ్ళకి ఆ కారణం తెలియదు, చేతికి మాత్రం తెలుసు.

నెలనెలా తూకం వేయించు. బరువు పెరుగుతుంటే మీ అత్తగారి ఫోనుకి జవాబు దొరికినట్టే. రెండు నెలలు వరసగా పెరగకపోయినా, తిన్నప్పుడల్లా పొలమారుతున్నా, నా మాటలు పట్టుకుని కూర్చోకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. రేపు మధ్యాహ్నం మాత్రం ఆ కుర్చీ పక్కన పెట్టు. మీ తాతయ్య కంచం ముందు కూర్చుంటారు కదా, పిల్లని ఆయన ఒళ్ళో పడెయ్యి. ఆయన పచ్చడి కలపకముందే పడెయ్యి, గోంగూర చూస్తే ఆయనకి ఒళ్ళో ఎవరున్నారో గుర్తుండదు.