ఆఱిపోయిన చిన్న గెలాక్సీలు

మన పాలవెల్లి యొక మహానక్షత్ర కుటుంబము. ఇట్టి కుటుంబములనే గెలాక్సీలందురు. పాలవెల్లి నాశ్రయించి దానిచుట్టు దిరుగు చిన్న గెలాక్సీలు పెక్కు గలవు. పెద్దదానిలో నేటికిని నక్షత్రములు పుట్టుచునే యున్నవి. చిన్నవానిలో ననేకములందు ఆ పుట్టుక నిలిచి వేయికోట్ల సంవత్సరములు దాటినది. ఇందులకు హేతువును వెదకిన చరిత్రమే నేటి ప్రసంగ విషయము.

1938 వ సంవత్సరమున హార్వర్డు ఖగోళజ్ఞుడు హార్లో షాప్లీ, దక్షిణాఫ్రికాలోని బాయిడెన్ వేధశాలలో దీసిన ఛాయాచిత్రముల సాయమున స్కల్ప్టర్, ఫోర్నాక్సు అను రెండు మసక గెలాక్సీలను బయల్పఱచెను. పిదప నట్టివి మఱికొన్ని కానవచ్చినవి. వానిలో బెక్కింటియందు ముదుసలి నక్షత్రములేగాని పసివి లేవు. నక్షత్రములకు ముడిసరుకైన వాయువును దాదాపు లేదు.

నక్షత్రము పుట్టవలెనన్న ఉదజని వాయువు చల్లబడి, ముద్దకట్టి, తన బరువునకు దానే క్రుంగవలయును. వేడెక్కిన వాయువు వ్యాకోచించి పాఱిపోజూచును. దానిని పట్టియుంచు ఆకర్షణశక్తి పెద్ద గెలాక్సీకి గలదు; చిన్నదానికి లేదు. ఇంతవఱకు వివాదము లేదు. ఆ వేడి యెచ్చటిదన్నదే ప్రశ్న.

వేడి యింటిలోనే పుట్టినదని 1986 లో డెకెల్, సిల్క్ అను నిరువురు వాదించిరి. బరువైన నక్షత్రములు అల్పకాలములోనే సూపర్నోవాలై ప్రేలి, మిగిలిన వాయువును వెలుపలికి దఱిమివైచును. తొలిచూలు బిడ్డలే తరువాతివారి యన్నమును నేలపాలు చేసినట్లన్నమాట.

1992 లో ఎఫ్‌స్టాథియో అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు వెలుపలి కారణమును వివరించెను. తొలి గెలాక్సీలనుండి వెడలిన అతినీలలోహిత కిరణములు ఉదజని పరమాణువులనుండి ఎలక్ట్రానులను ఊడబెఱికినవి. విశ్వమునకు సుమారు 100 కోట్ల యేండ్లు నిండునప్పటికి అంతట వ్యాపించిన వాయువు 10,000 డిగ్రీల వఱకు వేడెక్కినది. అట్టి వాయువు చిన్న గెలాక్సీలకు చేజిక్కదు.

1999 లో ఈ వాదమునకు పెద్ద పని పడినది. పాలవెల్లికి వందలకొలది అనుచరులుండవలెనని గణకయంత్రములు చెప్పినవి. కానవచ్చినవో, పట్టుమని పండ్రెండును లేవు. కృష్ణపదార్థ సిద్ధాంతమే కూలునా యన్న సంశయము కలిగెను. మఱుసటియేట బులక్, క్రావ్‌ట్సోవ్, వైన్‌బర్గ్ అను మువ్వురు, వాయువు వేడెక్కకముందు వెలిగినవి మాత్రమే కానవచ్చుచున్నవనియు, తక్కినవి చీకటిలోనే యుండిపోయినవనియు సమాధానము చెప్పిరి.

సాక్ష్యము 2014 లో దొరకినది. హబుల్ దూరదర్శినితో ఆఱు మిక్కిలి మసక గెలాక్సీలను పరిశీలింపగా, వానియందలి నక్షత్రములలో నూటికి సుమారు 80 పాళ్లు 1,280 కోట్ల సంవత్సరములకు పూర్వమే పుట్టినట్లు తేలినది. వేర్వేఱు దిక్కుల నున్న యాఱిళ్లలో నొకే కాలమున దీపములాఱినచో, కారణము ఇంటింటిదని చెప్పుటకంటె ఊరంతటిదనుటయే యుక్తము.

అట్లని ఇంటి కారణమును త్రోసివేయరాదు. విశ్వమునకు 70 కోట్ల యేండ్లు నిండునప్పటికే పుట్టుక నిలిచిన యొక గెలాక్సీని వెబ్ దూరదర్శిని కనుగొన్నట్లు 2024 లో ప్రకటింపబడినది. అది పైవానికంటె నెన్నో రెట్లు బరువైనది. వెలుపలి వేడి యొక్కటే దాని నాపజాలదు. వాయువు మరల జేరినచో నది మరల వెలుగవచ్చును.

కావున మిక్కిలి చిన్నవాని నాపినది విశ్వమంతట నిండిన వెలుగు. కొంచెము పెద్దవాని నాపునది సొంత ప్రేలుడు. విశ్వమును చీకటినుండి వెలికిదెచ్చిన కాంతియే పెక్కు చిన్న దీపముల నార్పినది. ఆ యాఱిన యిండ్లలో మిగిలిన ముదుసలి నక్షత్రములే నేడు మనకు తొలిప్రొద్దు కథను చెప్పుచున్నవి.