యంత్రం ఆగకుండా డిస్కు మార్చడం: ముప్పు ఎటు మళ్లింది?

ఐబీఎం 1962లో తెచ్చిన 1311 యంత్రంలో డిస్కు తీయాలంటే ముందు మోటారు ఆపాలి. తిరగడం పూర్తిగా నిలిచాక, సుమారు నాలుగున్నర కిలోల బరువుండే ప్యాక్‌ను ఎత్తాలి. దానిలో పట్టేది 20 లక్షల అక్షరాలు. బయటికొచ్చేవి పళ్లేలు మాత్రమే. చదివే హెడ్లు, తీగలు యంత్రంలోనే ఉండేవి. కరెంటు పారుతున్న కనెక్షన్‌ను ఎవరూ తెంపేవారు కాదు.

ఆ అవసరం తర్వాత వచ్చింది. బ్యాంకుల లావాదేవీలు క్షణం కూడా ఆగకూడదని టాండెమ్ సంస్థ 1976లో ప్రతి ముఖ్య భాగానికీ జోడీ ఉన్న కంప్యూటర్ అమ్మింది. 1988లో బర్క్‌లీలో పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రెయిడ్ పద్ధతిని ప్రతిపాదించారు. చవక డిస్కులను గుంపుగా వాడితే ఒకటి పోయినా సమాచారం నిలుస్తుంది. అయితే రెండోది పోయేలోపు మొదటిదాన్ని మార్చాలి. యంత్రం నడుస్తుండగానే డిస్కు మార్చే హాట్‌స్వాప్ తప్పనిసరి అయింది అప్పుడే.

చిక్కంతా కరెంటుతో. కొత్త డ్రైవ్‌లోని ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు లాగేస్తే వోల్టేజీ పడిపోయి పక్క డ్రైవ్‌లు కూడా రీసెట్ అవుతాయి. గ్రౌండ్ కంటే ముందు సిగ్నల్ పిన్ను తాకితే చిప్ దెబ్బతినవచ్చు. పాత ఐడీఈ కేబుల్‌లో దీనికి ఏ ఏర్పాటూ లేదు. స్కజీ డిస్కుల 80 పిన్నుల కనెక్టర్, 2003లో వచ్చిన సాటా దీన్ని పిన్నుల పొడవుతోనే పరిష్కరించాయి: సాటాలో ముందు గ్రౌండ్ తాకుతుంది, తర్వాత కెపాసిటర్లను మెల్లగా నింపే పిన్నులు, ఆఖరున మిగతావి. ఇంత చిన్న తేడాతో ఇంత పెద్ద ముప్పు తప్పించడం నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం.

కనెక్టర్ కాపాడేది సర్క్యూట్లనే. 'రాశాను' అని డ్రైవ్ చెప్పిన సమాచారం ఇంకా క్యాష్‌లోనే ఉండవచ్చు. అన్‌మౌంట్ చేయకుండా లాగితే అది పోయినట్టే. లాగాక కూడా పళ్లేలు కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటాయి. కాస్త బయటికి జరిపి, ఆగాకే పూర్తిగా తీయాలి. చాలా మదర్‌బోర్డుల్లో హాట్‌ప్లగ్ సెట్టింగ్‌ను మనమే ఆన్ చేయాలి.

అన్నిటికన్నా భయపెట్టేది రీబిల్డ్, అంటే పోయిన డిస్కు సమాచారాన్ని కొత్తదానిలో తిరిగి నింపే సమయం. మామూలు డిస్కుల్లో చదవలేని దోషం 100 లక్షల కోట్ల బిట్లకు ఒకటి మించదని తయారీదార్లు చెబుతారు. అంటే దాదాపు 12.5 టెరాబైట్లు. వాడకంలో డిస్కులు సాధారణంగా ఇంతకన్నా మెరుగ్గానే ఉంటాయి. అయినా ఒక్క డిస్కు పోతే మాత్రమే తట్టుకునే రెయిడ్ 5లో, డిస్కులు పెద్దవైతే, ఒకటి పోయాక మిగిలినవన్నీ మొదటినుంచి చివరిదాకా చదవాలి. అప్పుడు తప్పును సరిదిద్దే రక్షణ మిగలదు.

మనిషి చేయి ఇంకో ముప్పు. ఆరన్ బ్రౌన్, పాటర్సన్ 2001లో ప్రచురించిన ప్రయోగంలో, శిక్షణ పొందినవాళ్లు కూడా పాడైన డిస్కుకు బదులు మంచిదాన్ని లాగేశారు. డిస్కులు అమర్చే చాలా పెట్టెల్లో ఏ డ్రైవ్ తీయాలో చూపే దీపాలు ఉంటాయి. నా పట్టుదల ఒక్కటే: దీపం వెలిగినా సీరియల్ నంబరు చదివాకే లాగాలి, బ్యాకప్ మరో యంత్రంలో ఉండాలి.