సంచార వైద్యశాలలు – ప్రభుత్వ ద్రవ్యము

రోగి వైద్యుని వెదకికొని పోవుట లోకరీతి. వైద్యుడే రోగిని వెదకికొని పోవలసిన తావులు మన దేశమున నేటికిని గలవు. నల్లమల యందలి చెంచుగూడెము, గోదావరి కొండలలోని కొండరెడ్ల పల్లె, బ్రహ్మపుత్రలో ఏటేట రూపు మాఱు ఇసుకలంక, ఛోటానాగపూరు అడవులలోని కుగ్రామము – వీని కన్నిటికి నొక్కటే కొఱత. అచట రోగము గలదు, రోగి గలడు, వైద్యుడు లేడు. పట్టణపు ఆసుపత్రికి పోవలెనన్న దినకూలి పోవును. దారి ఖర్చు మీదబడును. కావున ఉచిత వైద్యమను మాట అట్టివానికి సగము సత్యమే. ఈ కొఱతను దీర్చుటకై వైద్యశాలనే బండిమీదను, పడవమీదను, రైలుపెట్టెలోను ఎక్కించి కొనిపోవు ప్రయత్నము మన దేశమున నెట్లు సాగెనో, దానికి ద్రవ్య మెచటినుండి వచ్చెనో పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1919వ సంవత్సరపు రాజ్యాంగ సంస్కరణముల వలన వైద్యము, ప్రజారోగ్యము రాష్ట్ర మంత్రుల వశమయ్యెను. ఆర్థికశాఖ మాత్రము వారి చేతికి రాలేదు. బాధ్యత యొకరిది, బొక్కసపు తాళపుచెవి వేఱొకరిది. అట్టి పరిస్థితిలోనే మదరాసు రాజధానిలో పానగల్ రాజావారి మంత్రివర్గము 1924 ప్రాంతమున, గ్రామములలో కాపురముండి వైద్యము చేయు డాక్టరులకు సర్కారు సహాయధన మొసగు పద్ధతిని ప్రవేశపెట్టెను. ఆ రాజధానిలో భాగములైన మన తెలుగు జిల్లాలకును ఇది వర్తించినది. ఉత్తర హిందూస్థానమున సంచార డిస్పెన్సరీలను నడుపు పద్ధతియు నుండెను. ఒకటి వైద్యుని పల్లెలో నిలుపు మార్గము. రెండవది వైద్యుని పల్లెపల్లెకు త్రిప్పు మార్గము. ఈ రెండింటిలో ఏది మేలను ప్రశ్న నాటినుండి నేటివఱకు తెగక నిలిచియున్నది.

సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన 1943లో నియమితమైన ఆరోగ్య పరిశీలనా సంఘము 1946లో నివేదికను సమర్పించెను. కర్నూలున జన్మించిన డాక్టర్ ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారుగారు ఆ సంఘ సభ్యులలో నొకరు. నాటి లెక్క ప్రకారము బ్రిటిషిండియాలో సుమారు 6,300 మందికొక వైద్యుడు, 43,000 మందికొక నర్సు. ఆ కొలదిమందిలో పెక్కురు పట్టణములయందే యుండిరి. డబ్బు లేదను కారణమున ఎవ్వరికిని వైద్యము అందకపోరాదనునది ఆ నివేదికకు మూలసూత్రము. తొలిదశలో 40,000 జనాభాకొక ప్రాథమిక కేంద్రము నెలకొల్పవలెనని సంఘము సూచించెను. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజాభివృద్ధి పథకములు ప్రారంభమైన పిమ్మట ఆ కేంద్రములు ఒక్కటొక్కటిగా వెలసినవి. స్థిరమైన కట్టడము, స్థిరమైన సిబ్బంది – ఇదియే జాతీయాదర్శ మయ్యెను. ఆదర్శము సరియైనదే. కాని కేంద్రమున్న గ్రామమునకును కొండమీది గూడెమునకును నడుమనున్న దూరము కట్టడము కట్టినంతమాత్రమున తఱుగునది కాదు.

తిరుగాడు దళముల శక్తిని దేశమునకు చూపినవానిలో క్షయనివారణ కార్యక్రమ మొకటి. బి.సి.జి. టీకాల కార్యక్రమము 1948లో మన మదనపల్లెలో ఆరంభమై, 1951 నుండి దేశవ్యాప్త మయ్యెను. దళములు ఊరూర తిరిగినవి. పరీక్షించుట, మూడునాళ్లకు ఫలితము చూచుట, అవసరమైనవారికి టీకా వేయుట. దానితో ఆ యూరి పని ముగియును. చికిత్స అట్టిది కాదు. రక్తపుపోటు, మధుమేహము, మూర్ఛ గలవానికి నేడిచ్చిన మందు నెల తిరుగునప్పటికి అయిపోవును. గర్భిణిని ఒక్కమాఱు చూచిపోయిన చాలదు. మరల వచ్చుటయే సంచార వైద్యశాలకు ప్రాణము.

1977లో కేంద్ర ప్రభుత్వము వైద్యవిద్యను గ్రామముల వైపు మరల్పవలెనని యొక పథకమును చేపట్టెను. ఒక్కొక్క వైద్య కళాశాల మూడేసి ప్రాథమికారోగ్య కేంద్రముల ప్రాంతములను తనవిగా భావించి సేవ చేయవలెను. అందులకై కళాశాలకు మూడేసి చికిత్సాశకటములు. ఆచార్యులును విద్యార్థులును కలిసి పల్లెలకు పోవలెనను భావము శ్లాఘ్యమే. అయినను పథకము ఆశించినంతగా వేరూనలేదు.

ఫైళ్లతో నిత్యపరిచయము గల మన పాఠకులకు అనావర్తక వ్యయమునకును ఆవర్తక వ్యయమునకును గల భేదమును విప్పి చెప్ప నక్కఱలేదు. బండి కొనుట మొదటిది. డ్రైవరు జీతము, డీజిలు, టైర్లు, మందులు, డాక్టరు, నర్సు, రక్తపరీక్ష చేయు పనివాడు – ఇవి రెండవది. మొదటిదానికి ప్రారంభోత్సవము, పూలమాల, ఛాయాచిత్రము గలవు. రెండవదానికి ఏటేట అడుగవలసిన గ్రాంటు తప్ప మఱేమియు లేదు. సంచార వైద్యశాలల జయాపజయములను నిర్ణయించునది ఈ రెండవ పద్దే.

1991 జూలై 16న బీహారులోని ఖలారీ యందు ‘లైఫ్‌లైన్ ఎక్స్‌ప్రెస్’ అను రైలాసుపత్రి పని ప్రారంభించెను. ఆ యూరు నేడు జార్ఖండు రాష్ట్రమున నున్నది. పెట్టెలను రైల్వేశాఖ యిచ్చెను, ఇంపాక్ట్ ఇండియా ఫౌండేషన్ నడిపెను, దాతలు తోడ్పడిరి. కంటి శుక్లము తీయుట, గ్రహణమొఱ్ఱి సరిచేయుట, పోలియోచే వంకరపోయిన కాలికి శస్త్రచికిత్స చేయుట – ఇట్టి పనులకు అది చక్కని సాధనము. కాని నెలనెల మందు కావలసినవానికి అది చాలదు. పట్టాలు లేని చోటికి అది పోలేదు.

ఆవర్తక వ్యయమును జాతీయ బాధ్యతగా గైకొన్న ఘట్టము 2005 ఏప్రిల్ 12న ప్రారంభమైన జాతీయ గ్రామీణారోగ్య మిషన్. జిల్లాకొక సంచార వైద్య యూనిట్ ఉండవలెనని అందు తలచిరి. బండి కొనుటకేగాక దానిని నడుపుటకును ఏటేట ద్రవ్యము కోరుటకు రాష్ట్రములకు వీలు కలిగెను. పదునొకండవ ప్రణాళికాకాలమున మిషన్ వ్యయములో కేంద్రము వంతు నూటికి 85, రాష్ట్రము వంతు 15. 2015–16 నుండి ఆ నిష్పత్తి 60:40 అయ్యెను. ఈశాన్య, హిమాలయ రాష్ట్రములకు మాత్రము 90:10. 2015 నాటి మార్గదర్శక సూత్రములు పదిలక్షల జనాభాకొక యూనిట్ చొప్పున, జిల్లాకు అయిదింటికి మించకుండ కొలత పెట్టినవి. మైదానమున దినమునకు 60 మందిని, కొండప్రాంతమున 30 మందిని మించి రోగులు వచ్చుచో అదనపు బండిని కోరవచ్చును. కొండలలో దారి యెక్కువ, జనము తక్కువ. తలల లెక్కతోనే ద్రవ్యము పంచినచో అట్టివారికి న్యాయము జరుగదను వివేకము ఈ రెండంకెలలో గలదు.

బ్రహ్మపుత్రా లంకలు ఇందులకు మంచి నిదర్శనము. అచటికి రోడ్డు లేదు; వరదకు లంకయే కొట్టుకొనిపోవచ్చును. కట్టడమునకు నిలువ చోటులేని చోట పడవయే వైద్యశాల కావలెను. సంజయ్ హజారికాగారు స్థాపించిన ఈశాన్య అధ్యయన, విధాన పరిశోధనా కేంద్రము 2005లో దిబ్రూగఢ్ ప్రాంతమున ‘అఖా’ యను పడవను నడుప నారంభించెను. అస్సామీ భాషలో ఆ మాటకు ఆశయని యర్థము. తొలి పడవకు ఒక పోటీలో లభించిన బహుమాన ధనము తోడ్పడెను. 2008 నుండి గ్రామీణారోగ్య మిషన్ ద్రవ్యము లభింపగా పడవలు క్రమముగా 15 వఱకు పెరిగినవి. బహుమానము పడవను కట్టగలదు. దానిని ఏటేట నడుపుటకు గ్రాంటు కావలెను.

తెలుగునాటి అనుభవమును ఇదే చెప్పుచున్నది. 2008లో నాటి సమైక్య ఆంధ్రప్రదేశమున 104 బండ్లు బయలుదేరినవి. వాని సంఖ్య 475 వఱకు పెరిగెను. ప్రాథమికారోగ్య కేంద్రమునకు మూడు కిలోమీటర్లకు మించిన దూరమున నున్న పల్లెకు నెలకొక నియత దినమున బండి వచ్చెడిది. ఈ ‘నియత దినము’ అను మాటలోనే పథకముయొక్క సారమంతయు గలదు. ఆ దినము ముందుగా తెలిసినచో గర్భిణి పొలముపని మానుకొని నిలుచును. వృద్ధురాలు పాత మందుల చీటిని కొంగున ముడివైచుకొని వచ్చి కూర్చుండును. పిదప నడుపు సంస్థలు మాఱినవి, పేరులు మాఱినవి, ప్రభుత్వములు మాఱినవి. 2020 జూలై 1న ఆంధ్రప్రదేశమున 108, 104 సేవలకు కలిపి 1,088 బండ్లు ఒక్కనాడే విజయవాడనుండి బయలుదేరినవి. ఎవరు నడిపినను, ఏ పేరు పెట్టినను, ఆ వృద్ధురాలికి నెలమాత్ర తప్పరాదు.

సంచార వైద్యశాలను విమర్శించువారి మాటలోను సత్యము గలదు. అర్ధరాత్రి ప్రసవవేదన కలిగినప్పుడు, పాము కఱచినప్పుడు, నెలకొకమాఱు వచ్చు బండి యేమి చేయగలదు? బండి వచ్చుచున్నదిగదా యని కేంద్రమున డాక్టరు ఖాళీని పూరింపకుండుట మఱింత ప్రమాదము. కావున బండి కేంద్రమునకు ప్రత్యామ్నాయము కారాదు. కేంద్రముయొక్క చాచిన చేయి కావలెను. ప్రమాదకరమైన వ్యాధిని బండి కనిపెట్టవలెను. కేంద్రము, ఆసుపత్రి దానిని చేపట్టవలెను. ఈ గొలుసులో ఏ లంకె తెగినను, బండికి పెట్టిన వ్యయము వ్యర్థమే.

2023 నవంబరు 15న ప్రారంభమైన ప్రధానమంత్రి జన్‌మన్ పథకమున 75 ఆదిమ గిరిజన తెగల కొఱకు 1,000 సంచార వైద్య యూనిట్లు సంకల్పింపబడినవి. మన చెంచులు, కొండరెడ్లు, కోలాములు, తోటీలు ఆ తెగలలోనివారే. గృహములు, రోడ్లు మొదలగువానితో కలిపి 2023–24 మొదలు 2025–26 వఱకు పథకమునకు 24,104 కోట్ల రూపాయలు నిర్ణయించిరి. అందు కేంద్రము వంతు 15,336 కోట్లు, రాష్ట్రముల వంతు 8,768 కోట్లు. పథకమునకు గడువు గలదు. రోగమునకు గడువు లేదు. గడువు తీఱిన పిదప బండి చక్రము ఏ పద్దుమీద తిరుగవలెనో ముందే నిశ్చయించుట పాలకుల ధర్మము.

కేంద్ర ప్రభుత్వోద్యోగులమైన మనకు 1954 జూలై 1న ఢిల్లీలో ఆరంభమైన ఆరోగ్యసేవా పథకము నీడయై నిలిచినది. జ్వరము వచ్చిన పోవలసిన డిస్పెన్సరీ యెచట నున్నదో మనకు తెలియును. అది రేపును అచటనే యుండునని మనకు నమ్మకము. ఆ నమ్మకమే వైద్యములో సగము బలము. కొండమీది గూడెమునకును, నదిలోని లంకకును కావలసినది అదియే. చెప్పిన దినమున బండి రావలెను, అందు మందుండవలెను, మరల నెలకు తప్పక రావలెను. గ్రాంటు మంజూరునకై వచ్చిన ఫైలు మనలో నెవరి బల్లమీదనైన నుండవచ్చును. ఆ కాగితము ఒక వారము ఆలస్యమైనచో ఎచటనో ఒక పల్లెలో నియత దినము వట్టిపోవునని తలచి, దానిని నాడే కదల్చుట మన చేతనైన ప్రజాసేవ.