నల్లమలలో పెద్దలైను

మార్కాపురము, కంభము, గిద్దలూరుల మీదుగా నల్లమలను దాటి నంద్యాల చేరు రైలుమార్గము ధాత కరవు తెచ్చినది. 1876-78లో జనము తిండిలేక మాడిన పిమ్మట, కరవుసీమకు ధాన్యము చేర్చుటకై బళ్లారి-కృష్ణా రైల్వే పేర 1880వ దశకమున దీని పని సాగించిరి. ఖర్చు తగ్గించుటకు పట్టాల నడుమ ఒక మీటరు ఎడమే ఉంచిరి.

ఆ పొదుపే తరువాత నూరేండ్లు బరువైనదని నా అభిప్రాయము. గుంతకల్లులో బొంబాయి-మదరాసు పెద్దలైను కలిసినను, చిన్నబండి సరకును దింపి పెద్దబండికి మరల ఎక్కింపవలసినదే. మార్కాపురపు పలక ఎంత పెళుసో మీరెరుగుదురు గదా!

1990వ దశకమున ఆ ఎడమును 1676 మిల్లీమీటర్లకు పెంచిరి. మైదానమున పాతకట్టను వెడల్పు చేసికొనవచ్చును. కొండలో అట్లు సాగలేదు. చిన్నబండికై త్రిప్పిన మలుపులు పెద్దబండికి చాలవు; లోయపై ఎత్తుగా కట్టిన దొరబావి వంతెన ఆ బరువునకు ఉద్దేశించినది కాదు. అందుచే వంతెనను, పాతదారిని విడిచి, బొగడ యొద్ద ఒకటిన్నర కిలోమీటరుకు మించిన క్రొత్త సొరంగమును తొలిచిరి. ఇప్పుడు బండి కొండ కడుపులోనుండి నిమిషములలో దాటును. లోయ మాత్రము కనబడదు. దొరబావి మీదుగా పోయినవారు ఆ లోతును తలచుకొని నేటికిని చెప్పుకొనుచుందురు.